పిసుకుడు పెట్టె, మా ఊరి మర్యాద

ఆ రోజుల్లో మా వైపు ఎవరింట్లోనైనా ఏదైనా పెడితే దాన్ని బాగోలేదనడం ఎవరికీ తెలీదు. ధైర్యం లేక కాదు, నోరు అలా తిరగదంతే. పులుసులో ఉప్పు రెండుసార్లు పడినా, గారె గోడకేసి కొట్టేలా ఉన్నా 'బ్రహ్మాండంగా ఉందండి, ఆయ్' అనేసి, ఇంటికెళ్ళాక చెంబెడు నీళ్ళు తాగేవాళ్ళం. పెట్టేవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే వేళ్ళ సందుల్లోంచి వడ్డించిన ఘనులున్నారు (మా మేనత్త ఒకావిడ, నెయ్యితో సహా). ఇలాంటి ఊళ్ళో ఒక మనిషి తను చేసిన వంట నిజంగా బాగుందో లేదో తెలుసుకోవడం ఎంత కష్టమో నాకు మా మస్కట్ పిన్ని వల్ల తెలిసింది. ఆవిడంటే నాకు ఇప్పటికీ ఆరాధన. ఇది చదివాక మీకూ కాస్త కలగకపోతే తప్పు నాది, ఆవిడది కాదు.

పిన్ని మా అమ్మకి చెల్లెలు. మామిడికుదురు దగ్గర మా పక్క వాటాలోనే కాపురం. కాపురమంటే ఆటో తోలే బాబాయీ, చిన్న బడికి వెళ్ళే వాళ్ళమ్మాయి బుజ్జీ అక్కడుండేవారు, పిన్ని మాత్రం మస్కట్‌లో ఓ పెద్దింట్లో వంట చేస్తుండేది. బుజ్జికి అమ్మంటే ఫోనులో కనిపించే మొహం, అప్పుడప్పుడూ ఆగిపోయే మొహం. ఆ ఏడాది వానలు మొదలయ్యాక పిన్ని సెలవు మీద వచ్చినప్పుడు సబ్బులు, సెంటు సీసాలు, పాలపొడి డబ్బాలతో పాటు మూత మీద గాజుకన్ను ఉన్న ఓ తెల్లటి పెట్టె దిగింది. బ్రెడ్ మిషనట. నీళ్ళూ నూనే మైదా ఈస్టూ వేసి మీట నొక్కితే తనే కలిపి, తనే పిసికి, తనే వెచ్చగా పెట్టి పొంగించి, అయిపోగానే కుయ్ కుయ్‌మని పిలుస్తుందట. ఆ ఇంటి మేడం కొత్తది కొనుక్కుని పాతది ఈవిడ చేతిలో పెట్టింది. దాంతోనే పిన్ని ఆ ఇంటి పిల్లలకి వారం వారం పిజ్జాలు చేసేదట.

"సెంటర్లో పిజ్జా కొట్టు పెడతానక్కా. మనవాళ్ళకి నచ్చిందా, ఇంక నేను ఎక్కడికీ వెళ్ళను. నచ్చలేదనుకో, సెలవయ్యాక మళ్ళీ మస్కటే" అని పిన్ని మా అమ్మతో అంది. గుమ్మం పక్కన నిలబడి నేనూ విన్నాను, బుజ్జీ వింది. అబద్ధాలాడటానికి మా నోళ్ళు రెండూ ఆ క్షణంలోనే సిద్ధమైపోయాయి.

నాకప్పుడు కొత్తగా ఉద్యోగం. రాజోలులో ఓ జిరాక్సు కొట్లో కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని. అందుచేత మా వీధి మొత్తానికి యంత్రాలన్నీ తెలిసిన పిల్లని నేనే (జిరాక్సు మిషన్లో కాగితం ఇరుక్కుంటే ఓనరుగారిని కేకేసేదాన్నన్న సంగతి వీధిలో తెలీదు). పిన్ని ఆ పెట్టె బాధ్యత నాకప్పజెప్పి, తను కూరముక్కలు తరగడం, చీజు తురమడం చూసుకునేది. నేను దాంతో వచ్చిన పుస్తకంలో చెప్పినట్టు, కప్పు మీద గీత దాకా నీళ్ళు కొలిచి, కింద నీళ్ళు పైన మైదా, ఆ పైన గుంట చేసి ఈస్టు వేసి, పరీక్ష రాస్తున్నంత భయభక్తులతో మీట నొక్కేదాన్ని. గీతకి చుక్క ఎక్కువ కాదు, తక్కువ కాదు. మా అమ్మ మొదటిరోజు దానికి పసుపూ కుంకుమా పెట్టి కొబ్బరికాయ కొట్టింది. తిరగడం మొదలెట్టగానే అది బల్ల మీద ఒక్కో అంగుళం నడుచుకుంటూ అంచు దాకా పోయేది. బాబాయి గోనెసంచి మడతపెట్టి నేల మీద వేసి, దాని మీద పెట్టి, రెండు చేతులతోనూ పట్టుకుని కూర్చునేవాడు. "ఇంతోటి దానికి మిషనెందుకే, ఆ పట్టుకునేదేదో పిండినే పట్టుకుందును కదా" అని గొణుగుతూ దానికి పిసుకుడు పెట్టె అని పేరు పెట్టాడు. ఆ పేరే ఊళ్ళో స్థిరపడిపోయింది.

కాకినాడలో మూతపడిన బేకరీ నుంచి బాబాయి ఓ పాత ఓవెను ఆటోలో వేసుకొచ్చాడు. మొదటి పిజ్జా బయటికొచ్చింది. చూడటానికి దివ్యంగా ఉంది. తినడానికి, ఎలా చెప్పను, అంచు పళ్ళకి లొంగలేదు, మధ్యభాగం పళ్ళని వదల్లేదు. నేను పై దవడకి అతుక్కున్న పిండిని నాలుకతో తోసుకుంటూ "సూపర్ పిన్నీ" అన్నాను. బుజ్జి నాకంటే నయం, కళ్ళు మూసుకుని మరీ "సూపరమ్మా" అంది. మా అమ్మ "భలే కుదిరిందే" అంది. బాబాయి అప్పటికి నోరు తెరిచే స్థితిలో లేడు, తలూపాడు.

ఇక ఆ పైన మా ఇంటి ముందు చెప్పులు నిండిపోయేవి. గాజుకన్నులోంచి పిండి గిరగిరా తిరగడం చూడటానికి వీధి వీధంతా వచ్చేది. వచ్చినవాళ్ళని ఉత్త నోటితో పంపితే ఇంకేమైనా ఉందా? పిన్ని అందరికీ ముక్కలు వేసేది. "ఇంకొకటి వేసుకోండి", "నా మీదొట్టు", "ఇది చిన్న ముక్కేనండి" అంటూ పళ్ళెం ఖాళీ అయ్యేదాకా వదిలేది కాదు. వాళ్ళు కూడా పాపం "ఆయ్, అమృతంలా ఉందండి" అంటూ మింగేవారు. అందరికీ పెట్టాక ఆఖర్న తినడం మా ఆడవాళ్ళ అలవాటు. ఆఖర్న ఏమీ మిగిలేది కాదు, మిగలకుండా పెట్టేసేది తనే కదా. అలా వారాలు గడిచినా పిన్ని తను చేసిన పిజ్జా తను సరిగ్గా తినలేదంటే నమ్ముతారా? వేళ్ళకంటిన చీజు నాకడమే ఆవిడ భోజనం. బుజ్జి మాత్రం తన వాటా రహస్యంగా పెరట్లో కోళ్ళకి వేసేది. కోళ్ళు ఒకసారి పొడిచి, తలలు పక్కకి వంచి ఆలోచించి, మళ్ళీ పొడిచేవి కావు.

సెలవు ఇంక కొద్దిరోజులుందనగా మస్కట్ నుంచి మేడం ఫోను చేసింది, టిక్కెట్టు తియ్యనా వద్దా అని. ఇటు సెంటర్లో ఖాళీగా ఉన్న తన గది ఇస్తానన్న కొబ్బరికాయల మావయ్యగారు (ఆయన మాకు చుట్టమేం కాదు, కొబ్బరి వ్యాపారం, ఊరందరికీ మావయ్యగారే) కూడా ఏదో ఒకటి చెప్పమని కబురంపారు. ఆ సాయంత్రం పిన్ని నన్ను పెరట్లోకి పిలిచి అరుగు మీద కూర్చోబెట్టుకుంది.

"ఒసే, అందరూ బాగుందంటున్నారు. బాగుందంటారని నాకూ తెలుసు. మన ఊళ్ళో గడ్డి పెట్టినా బాగుందనే అంటారు. ఒక్కరైనా వాళ్ళంతట వాళ్ళు ఇంకో ముక్క అడిగేరా?"

"నువ్వు అడగనిస్తే కదా పిన్నీ, ముందే వేసేస్తున్నావు" అన్నాను, సంగతిని అలా సర్దేద్దామని.

పిన్ని "అయితే ఆదివారం నేను ఎవర్నీ బలవంతం చెయ్యను. ఒక్క మాట అనను. ఎవరు ఎంత తింటారో చూస్తాను" అంది. మా అమ్మ విని గుండె మీద చెయ్యేసుకుంది. "ఇంటికొచ్చినవాళ్ళని తినమనవా? మనం మనుషులం కాదేంటే?" అంది. ఒక్క ఆదివారంతో మా అబద్ధాలన్నీ బయటపడేలా ఉన్నాయి.

ఆదివారం వాన పడుతోంది. కొబ్బరికాయల మావయ్యగారూ, వాళ్ళావిడా, బుజ్జి చదివే బళ్ళో టీచరమ్మగారూ వచ్చారు. పిన్ని ఒక్కొక్కరికీ రెండేసి ముక్కలు పెట్టి ఎదురుగా కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పెదవులు బిగించింది. మావయ్యగారు సగం ముక్క తిని ఆగారు. బలవంతం కోసం ఎదురుచూశారు. రాలేదు. గ్లాసు మంచినీళ్ళు తాగారు. మళ్ళీ చూశారు. పిన్ని చేతులు ఒళ్ళోనే ఒకదాన్నొకటి పట్టుకుని గింజుకుంటున్నాయి. మా అమ్మ నోరు తెరవబోతే పిన్ని అమ్మ కాలు తొక్కింది. మా జిల్లా చరిత్రలో అతిథుల ముందు అంత నిశ్శబ్దం ఎప్పుడూ ఉండి ఉండదు.

చివరికి టీచరమ్మగారు మెల్లిగా, "అమ్మాయ్, ఒంట్లో బాగోలేదేంటమ్మా?" అన్నారు.

మావయ్యగారు కంగారుగా, "మావల్ల ఏవైనా తప్పు జరిగిందాండి? గది సంగతి అడిగేనని కోపవొచ్చిందేమోనండి, నిదానంగానే చెప్పండి" అన్నారు.

"ఆయ్, అదేం లేదండి" అంది పిన్ని. అంతకు మించి ఒక్క అక్షరం రాలలేదు. వాళ్ళు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని పళ్ళేలు కింద పెట్టారు. మూడు పళ్ళేల్లోనూ ముక్కలు మిగిలిపోయి ఉన్నాయి. పిన్ని లేచి వెళ్ళి, మావయ్యగారి పళ్ళెంలో ఆయన చెయ్యి పెట్టని ముక్క తీసుకుని కొరికింది. నమిలింది. ఇంకా నమిలింది. మేమంతా ఆవిడ దవడనే చూస్తున్నాం. బుజ్జి వచ్చి నా చున్నీ పట్టుకుంది.

"చెప్పండి మావయ్యగారూ" అంది పిన్ని, మింగాక.

"బాగుందండి" అన్నారాయన, పుట్టుకతో వచ్చిన అలవాటు కొద్దీ. పిన్ని అలాగే చూస్తూ నిలబడింది. ఆయన తల దించుకుని, "బాగుందండి, కాకపోతే... పళ్ళకి కొంచెం పనెక్కువుందండి" అన్నారు.

ఆ ఒక్క మాటతో గట్టు తెగింది. మధ్యలో పచ్చిగా ఉందన్నారు టీచరమ్మగారు. మొన్న తిన్నప్పుడు కడుపులో రాయేసినట్టుందన్నారు మావయ్యగారి భార్య, ఎన్నాళ్ళనుంచో దాచుకున్న భారం దింపుకుంటూ. బాబాయి కూడా ధైర్యం చేసి ఏదో అనబోయి మానేశాడు. అప్పుడు బుజ్జి నా వెనకనుంచి ఏడుపు గొంతుతో, "కోళ్ళు కూడా తినట్లేదమ్మా. నేను చెప్తే నువ్వు వెళ్ళిపోతావని చెప్పలేదు" అంది.

పిన్ని బుజ్జిని దగ్గరికి లాక్కుని, కొంగుతో దాని ముక్కు తుడిచి, మా అందరి వైపూ చూసింది. ఆవిడకి కోపం వస్తుందనుకున్నాను, లేదా ఏడుస్తుందనుకున్నాను. రెండూ కాలేదు.

"అక్కడ మేడం బాగోలేకపోతే మొహం మీదే చెప్పేసేది. అందుకే నేర్చుకున్నాను. ఇక్కడ మీరు ఒక్కరూ చెప్పకపోతే నేను ఎలా నేర్చుకునేది, ఇక్కడ ఎలా ఉండేది? నన్ను ఉంచుదామనుకునే పంపించేస్తున్నారు మీరంతా" అంది. గొంతు పెంచకుండానే అంది. ఆ మాట నాకు తగిలినంత గట్టిగా అంతకు ముందు ఏ తిట్టూ తగల్లేదు.

తర్వాత ఆవిడ చేసిన పని చూడాలి. కొంగు బొడ్లో దోపి, "ఎవరూ కదలకండి, మళ్ళీ కలుపుతున్నాను" అంది. నేను నీళ్ళూ మైదా కొలిచి మీట నొక్కగానే, అది తిరుగుతుండగానే మూత ఎత్తేసింది. "పిన్నీ, పుస్తకంలో..." అన్నాను. "పుస్తకం ఈ వానలో తడిసిందేంటే?" అంది. లోపల పిండి ముద్దగా చేరకుండా గిన్నె గోడలకి పాముకుంటోంది. వేలుపెట్టి చూసి, "ఇదీ సంగతి" అంది. మస్కట్లో ఏసీ వంటిల్లు, ఎండిన గాలి, పొడిపొడిగా రాలే మైదా. మా దగ్గర వానాకాలం, గాలిలోనే సగం నీళ్ళు, డబ్బాలో మైదా అప్పటికే చెమ్మగిల్లి ఉంది. దాని మీద నేను గీత దాకా భక్తిగా పోసిన నీళ్ళు. పిన్ని గుప్పెడు గుప్పెడు మైదా జల్లుతూ, బొబ్బట్ల పిండిని చూసినట్టు వేలితో నొక్కి చూస్తూ, అది నున్నటి ముద్దై గిన్నె వదిలేదాకా అక్కడే గొంతుక్కూర్చుంది. బాబాయి పెట్టెని పట్టుకుని, టీచరమ్మగారు టార్చి పట్టుకుని (వానకి కరెంటు డిమ్ముగా వస్తోంది), మావయ్యగారు పంచె ఎగ్గట్టుకుని గాజుకన్ను పక్కన వంగి, అందరం పురుడు కోసం చూసినట్టు చూశాం. పొంగేదాకా ఒక్కరూ ఇంటికెళ్తామనలేదు. మర్యాద కోసం కాదు ఈసారి, ఏమవుతుందో చూడాలని.

పెట్టె కుయ్‌మంది. మూత తీస్తే పిండి తెల్లగా, బొద్దుగా పైకి లేచి ఉంది. పిజ్జా కాలి వచ్చాక పిన్ని ముక్కలు కోసి పెట్టి, మళ్ళీ కుర్చీలో చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఈసారి చేతులు కదల్లేదు. మావయ్యగారు తన ముక్క తిన్నారు. రెండోదీ తిన్నారు. వేళ్ళు తుడుచుకున్నారు. తర్వాత గోడవైపు చూస్తూ, ఎవరితోనూ కానట్టుగా, "ఆ పళ్ళెంలో చివరి ముక్క ఎవరైనా తింటారాండి?" అన్నారు.

పిన్ని ఆ ముక్క ఆయన పళ్ళెంలో వేసి, లోపలికెళ్ళి మేడంకి ఫోను చేసింది. అరబ్బీలో ఏమందో మాకు తెలీదు. బయటికొచ్చి, "టిక్కెట్టు వద్దన్నాను" అంది. ఇంకో ముక్క వేసుకోమని అందరినీ చావగొట్టడం ఆ వెంటనే మొదలుపెట్టింది. పాపం, ఎంతసేపు ఆపుకుంటుంది?

కొట్టు ఇప్పటికీ మావయ్యగారి గదిలోనే ఉంది. నేను విశాఖపట్నంలో కాపురం పెట్టి చాలా ఏళ్ళయింది. కిందటి నెల వెళ్ళినప్పుడు రెండు ముక్కలు తిని "సూపర్ పిన్నీ" అన్నాను. నిజంగానే బాగుంది, కానీ నా నోటినుంచి ఆ మాట వచ్చిన ప్రతిసారీ పిన్ని ముందు నా పళ్ళెం వైపు చూస్తుంది. మూలన కాలేజీ పుస్తకాలు పక్కన పడేసి, స్టూలు మీద కాళ్ళు జాపుకుని ఫోను చూసుకుంటున్న బుజ్జి ఒక ముక్క కొరికి, తల కూడా ఎత్తకుండా, "ఇవాళ బాలేదమ్మా, ఉప్పు తక్కువ" అంది. పిన్ని మొహం వెలిగిపోయింది. పై దవడకి పిండి అతుక్కుని సూపర్ సూపర్ అన్న ఆ జిరాక్సు కొట్టు పిల్ల గుర్తొచ్చి నాకు నవ్వొచ్చింది, కాస్త జాలి కూడా వేసింది. బాలేదని అంత నిశ్చింతగా అనాలంటే, అమ్మ ఎక్కడికీ వెళ్ళదని తెలిసుండాలి.