రెండు వేళ్ళ మామయ్య

ఈ లోకంలో ఏ వస్తువైనా సరే, పక్కనున్న వస్తువుకి రెండు వేళ్ళ ఎడంలో ఉండాలన్నది టైర్ల షాపు మామయ్య సిద్ధాంతం. అంతకన్నా దగ్గరైతే గీసుకుంటాయి, గీసుకుంటే అరుగుతాయి, అరిగితే కొంప మునుగుతుంది. అందుకని కుడిచేతి చూపుడువేలూ మధ్యవేలూ జంటగా చాపి, కంటబడ్డ ప్రతి సందులోనూ దూర్చి చూసేవాడు. ఆయనకన్నా పదేళ్ళు పెద్దవాళ్ళు కూడా ఆయన్ని 'రెండు వేళ్ళ మామయ్య' అనే పిలిచేవారు.

ఫ్రిజ్‌కీ గోడకీ మధ్య రెండు వేళ్ళు. కాలరుకీ మెడకీ మధ్య రెండు వేళ్ళు. నడుంనొప్పికి ఎక్స్‌రే తీయిస్తే, దాన్ని వెలుతురుకి పట్టుకుని, "డాక్టరుగారూ, ఈ పూసకీ ఆ పూసకీ మధ్య నా వేళ్ళు పట్టేలా లేవే!" అని కంగారుపడ్డాడు.

"పట్టకూడదండీ. పడితే మీరు ఇలా నడిచి వచ్చేవారు కాదు," అన్నాడు డాక్టరు.

కూతురి పెళ్ళిలో ఫొటోగ్రాఫరు "ఇంకొంచెం దగ్గరికి జరగండి" అన్న పాపానికి, మామయ్య పరుగున వెళ్ళి వధూవరుల భుజాల మధ్య కొలత చూశాడు. "ఇక చాలు, ఆగండి" అన్నాడు. సరిగ్గా అప్పుడే ఫ్లాష్ వెలిగింది. అల్లుడి ఇంటి హాల్లో ఇప్పటికీ వేలాడుతున్న ఆ ఫొటోలో పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు, మధ్యలో రెండు వేళ్ళు ఉంటాయి.

ఆ అల్లుడు కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. మామగారంటే గౌరవమే కానీ, వేళ్ళతో కొలతలంటే అతనికి ఒళ్ళు మండుతుంది.

"మామయ్యా, మనిషికో రకం వేళ్ళు ఉంటాయి. ఇదేం ప్రమాణం?"

"మనిషికో రకం ఉంటే ఉండనీ అల్లుడుగారూ. షాపు నాది, వేళ్ళు నావి."

షాపుకి వచ్చేవాళ్ళలో సగంమంది ఫోన్లో ఫొటో చూపించి, "నా కారుకి ఇంత పెద్ద చక్రాలు కావాలి" అనేవాళ్ళే. మామయ్య కాదనడు. చక్రం బిగించి, స్టీరింగు ఎడమకి చివరిదాకా, కుడికి చివరిదాకా తిప్పించి, చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య వేళ్ళు పెడతాడు. అంతటితో అయిపోదు. ఖాళీ కారు ఎవడైనా నడుపుతాడు, మనుషులెక్కి కారు కిందికి దిగినప్పుడు కదా అసలు సంగతి! అందుకని పక్క షాపు వైపు తిరిగి, "టైలరూ, రావయ్యా!" అని కేకేస్తాడు.

టైలరు నూటపది కిలోలుంటాడు. చేతిలో ఉన్న ప్యాంటుతో, నోట్లో ఉన్న గుండుసూదులతో సహా వచ్చి వెనక సీట్లో కూర్చుంటాడు. షాపు ముందు మామయ్య స్వయంగా పోసుకున్న సిమెంటు గతుకు మీద కారు నాలుగుసార్లు ఎక్కి దిగుతుంది. ఎక్కడైనా 'సర్ర్' మని వినిపించిందా, ఆ చక్రం మళ్ళీ అరమీదికే. ఆ వీధిలో సగం ప్యాంట్లకి గుండీలు ఎవరో ఒకరి కారు వెనక సీట్లో కుట్టినవే.

అలాంటి షాపుకి ఒక శనివారం సాక్షాత్తూ అల్లుడే ఫొటో పట్టుకొచ్చాడు. కారుకి ఉన్నవి పదిహేను అంగుళాల చక్రాలు. అతనికి కావలసినవి పదిహేడు, వాటికి బాగా లావు టైర్లు. స్టాఫ్ రూములో అందరికీ చెప్పేశాడు కూడా.

మామయ్య బిగించాడు. స్టీరింగు తిప్పీ తిప్పగానే సర్ర్‌మంది.

"అయితే బాడీ పైకి లేపుదాం. స్ప్రింగుల దగ్గర దిమ్మలు వేస్తే రెండు అంగుళాలు లేస్తుంది. సింపుల్ ఫిజిక్స్," అన్నాడు అల్లుడు.

మామయ్య మొహం ఎందుకో వాడిపోయింది. "లేపాలంటారా?" అన్నాడు. తల గోక్కున్నాడు. టైలరు వైపు చూశాడు. టైలరు సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు నటించాడు.

మరుసటి శనివారం దిమ్మలు పడ్డాయి. కారు ఒంటెలా లేచింది. మామయ్య మడ్‌గార్డు కింద చెయ్యి పెట్టి, "అబ్బే, దూరడం లేదు" అన్నాడు. ఆ పై శనివారం దిమ్మలు మార్చి పెట్టినా అదే మాట. పాత చక్రాలు బిగించి, దిమ్మలు తీసేసి పంపించాడు. అల్లుడికి మండింది. ఇంటికెళ్ళి భార్యతో తెగేసి చెప్పాడు.

"వచ్చే శనివారం ఆఖరు. మీ నాన్న ఒప్పుకోకపోతే మెయిన్ రోడ్డు షాపుకి పోతాను."

"పోతే నాన్న ఇక షాపు తెరవరు. సొంత అల్లుడే నమ్మలేదని ఊరంతా అనదూ?" అంది ఆమె.

నాలుగో శనివారం అతను కాలేజీ ల్యాబ్ నుంచి వెర్నియర్ కాలిపర్స్ పట్టుకొచ్చాడు. వెంట వాళ్ళమ్మ కూడా ఉంది. ఏడాది కిందట ఆమె మోకాలికి ఆపరేషన్ అయింది. "పూర్తిగా తగ్గిపోయిందిరా" అంటూనే శనివారం సాయంత్రాలు ఎక్సర్‌సైజులకి వెళుతుంది, ఇవాళ అక్కణ్ణించే ఇటు తీసుకొచ్చాడు. కుర్చీలో కూర్చుని, కారుకేసి కాక నేలకేసి చూస్తోంది.

దిమ్మలు, పెద్ద చక్రాలు, లావు టైర్లు అన్నీ ఎక్కాయి. టైలరు కూడా ఎక్కాడు. మామయ్య చెయ్యి లోపలికి పెట్టి, "దూరడం లేదు" అన్నాడు.

"ఏదీ, ఆ వేళ్ళు ఇలా ఇవ్వండి," అని అల్లుడు వాటిని కాలిపర్స్‌తో కొలిచాడు. "మూడున్నర సెంటీమీటర్లు." కిందికి వంగి సందు కొలిచాడు. "నాలుగున్నర! ఎలా దూరదు?" అంటూ ఇంకా వంగాడు. టైరు మీది దుమ్ములో వేలిముద్రలు కనబడ్డాయి. లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"మామయ్యా! మీరు మూడు వేళ్ళు పెట్టారు!"

టైలరు నోట్లోంచి గుండుసూది రాలిపడింది. ముప్ఫై ఏళ్ళ రెండు వేళ్ళ పరువు ఆ దుమ్ములో మూడు ముద్రలై కూర్చుంది.

"పెట్టాను," అన్నాడు మామయ్య, తల వంచుకుని.

"ఎందుకు?"

"పెట్టానన్నాను కదా బాబూ. ఇదిగో తాళాలు. కారు మీది, తీసుకెళ్ళండి."

అల్లుడు గెలిచాడు. గెలిచిన ఊపులో తలుపు తీసి, "రామ్మా, వెళదాం" అన్నాడు. ఆమె లేచి వచ్చింది. కాలు పైకెత్తింది. అందలేదు. తలుపు పట్టుకుని మళ్ళీ ఎత్తింది. మోకాలు మడత పడలేదు, పెదవి మాత్రం పంటికింద పడింది.

"ఈ చెప్పులు జారుతున్నాయిరా. నువ్వు పద, నేను ఆటోలో వచ్చేస్తా. నాకు ఆటో అంటే ఇష్టమేగా," అని నవ్వింది.

అల్లుడికి ఫిజిక్స్ మొత్తం మర్చిపోయినట్టయింది.

వెనక సీటు అద్దం కిందికి దిగింది. టైలరు తల బయటపెట్టాడు. "ఇక నావల్ల కాదు, చెప్పేస్తున్నా. అమ్మగారి మోకాలి సంగతి మా ఇద్దరికీ ముందే తెలుసు; మీరు కారు లేపుదామన్న వారంలోనే ఆవిడ నా షాపుకి వచ్చి ఆ మాట విన్నారు. 'అన్నయ్యగారూ, నేను ఎక్కలేనని మావాడికి చెప్పకండి. తెలిస్తే ఆ చక్రాలే వద్దనేస్తాడు. చిన్నప్పటి నుంచీ నా కోసం వాడు వదులుకున్నవి చాలు' అని ఈయన దగ్గర మాట తీసుకున్నారు. ఈయన చెప్పలేడు, బిగించలేడు. మూడో వేలు పెట్టక ఏం చేస్తాడండీ!"

"నిన్ను కూర్చోమన్నాను కానీ మాట్లాడమన్నానా?" అని మామయ్య కసిరాడు. తర్వాత లోపలికెళ్ళి, అట్టలు కట్టిన నాలుగు చక్రాలు ఒక్కొక్కటీ దొర్లించుకొచ్చాడు.

"పదహారు అంగుళాలు. మీ ఫొటోలో ఉన్న రంగే. చక్రం అంగుళం పెరిగింది, టైరు మందం ఆమేరకు తగ్గింది. మొత్తం ఎత్తు పాతదే. లోపలికి ఎంత ఉండాలో అంతే, బయటికి ఎంత ఉండాలో అంతే. ఈ కొలత దొరకడానికి నాలుగు ఊళ్ళు అడిగించాను. పదిహేడైతే టైరు మరీ పలచబడి, ప్రతి గతుకూ చెల్లెమ్మ మోకాలికి తెలుస్తుంది. ఇవి వచ్చేదాకా మిమ్మల్ని ఆపాలి కదా! పొద్దున్నే వచ్చాయి. బోల్టులు కుదురుతాయో లేదో ఇప్పుడే చూడబోతున్నాను, ఈలోగా మీరు నా వేళ్ళు లెక్కపెట్టేశారు."

అల్లుడు చొక్కా చేతులు మడిచి, తనే జాకీ పట్టుకున్నాడు.

గంటలో దిమ్మలు దిగాయి, చక్రాలు ఎక్కాయి. స్టీరింగు ఎడమకీ కుడికీ చివరిదాకా తిరిగింది. టైలరుతో సహా కారు గతుకు మీద నాలుగుసార్లు ఎక్కి దిగింది. ఎక్కడా సర్ర్‌మనలేదు. మామయ్య చెయ్యి చాపి, అందరికీ కనబడేలా వేళ్ళు తిప్పి చూపించి మరీ దూర్చాడు. రెండే.

టైలరు దిగాక ఆమె వచ్చింది. ఒక్క అడుగులో ఎక్కి, దర్జాగా కూర్చుంది. అల్లుడు ముందు సీటు ముందుకి జరిపాడు. తల్లి మోకాలికీ సీటుకీ మధ్య చెయ్యి పెట్టి, ఇంకొంచెం జరిపాడు.

"రెండు వేళ్ళు చాలు అల్లుడుగారూ," అన్నాడు మామయ్య వెనకనుంచి.

"లేదు మామయ్యా. అమ్మకి మూడు," అన్నాడు అల్లుడు.