మౌనిక పేరు లేని చీటీలు

మా లెక్కల సారు పోయిన వారం సూళ్లూరుపేటలో కన్నుమూశారు. గుండె ఆగిపోయిందట. నాకు కబురు చెప్పింది నాతో చదువుకున్న మౌనిక, రొయ్యల షెడ్డు నుంచి. "మన సారు పోయినారంట. నా చేత పది మూడోసారి రాయిస్తానన్నారే" అంది.

మీలో చాలామందికి ఆయన తెలియదు. తెలియాల్సినంత గొప్ప పనులేవీ ఆయన చేయలేదు. హాజరు పిలిచేటప్పుడు మాత్రం ఒక్కో పేరు దగ్గరా ఆగి మొహం చూసేవారు. తిన్నావా, నిద్రపోయావా అని అడిగాకే తర్వాతి పేరు. సగం పీరియడు దీనికే పోతోందని పక్క క్లాసు టీచరు ఎగతాళి చేస్తే, "కడుపు కాలే పిల్లకి లెక్క ఎక్కదమ్మా" అనేవారు.

కరోనాకి బడి మూసేనాటికి మేం ఎనిమిదో తరగతి. మాది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టేవాళ్ళ ఊరు. పాఠాలు ఫోన్లో వస్తాయన్నారు. మా తరగతిలో ఎవరింట్లోనూ తెర మీద వేలు పెడితే నడిచే ఫోను లేదు. సారు ఒకరోజు బండి మీద వచ్చి తన ఫోను మాకిచ్చేసి, తాను బటన్ల ఫోనుతో సరిపెట్టుకున్నారు. "మీ నాయనోళ్ళు సరస్సుని ఎట్టా పంచుకుంటారో, దీన్నీ అట్టే పంచుకోండి" అని చెప్పి వెళ్ళారు.

మా ఊళ్ళో ఏ రోజు ఎవరు ఎక్కడ వల వెయ్యాలో చీటీలేసి తేలుస్తారు. పడవెక్కే మగమనిషి లేని ఇంటికి చీటీ ఉండదు. అది ఊరి కట్టుబాటు, ఎవరూ తప్పనుకోరు. మౌనిక వాళ్ళ నాయన ఆ ఏడే జ్వరంతో పోయాడు. ఫోనుకీ అలాగే చీటీలేశాం. దస్తూరీ బాగుంటుందని అవి రాసే పని నాకిచ్చారు. ఆమె పేరు నేను రాయలేదు. ఆమె అడగనూ లేదు. ఫోను నాకే ఎక్కువసార్లు వచ్చింది, దాచుకోవడానికేముంది. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నది కూడా నేనే.

బడి తెరిచాక హాజరు పిలుస్తూ సారు ఆమె పేరు దగ్గర ఆగిపోయారు. షెడ్డులో రొయ్యలు ఒలుస్తోందని ఎవరో చెప్పారు. ఫోను పాఠాలు వినలేదా అని నన్నడిగారు.

"వాళ్ళింట్లో వలకి పోయేవాళ్ళు లేరు కదా సార్" అన్నాను, లెక్క సరిగ్గా అప్పజెప్పినట్టే.

ఆయన మెల్లిగా కుర్చీలో కూర్చున్నారు. "పంచుకోమన్నాను గానీ, అందరికీ అందిందా అని అడగలా. తప్పు నాదే" అన్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఈ రోజుకీ అనిపిస్తుంది.

ఆ తర్వాత పది రోజులు పుస్తకం తెరవలేదు. ఇళ్ళల్లో ఎవరెవరు పోయారో చెప్పమన్నారు. చెప్పాం, ఏడ్చాం. ఆ తర్వాత కూడికల నుంచి మొదలుపెట్టారు, చాలామందిమి అవీ మర్చిపోయాం. మధ్యాహ్నం అన్నం వేళకి షెడ్డు గేటు దగ్గరికెళ్ళి మౌనికకి లెక్కలు చెప్పేవారు. ఐసునీళ్ళలో నానిన వేళ్ళకి పెన్సిలు నిలిచేది కాదు. పదో తరగతి రెండుసార్లు తప్పింది. "వల ఖాళీగా వచ్చిందని ఎవుడన్నా పడవ తగలబెట్టుకుంటాడా?" అనేవారు, రెండుసార్లూ.

నేనూ మౌనికా సూళ్లూరుపేట వెళ్ళేసరికి అంత్యక్రియలు అయిపోయాయి. బడి తెరిచాక మేం తిరిగిచ్చేసిన ఆ పాత ఫోను సారు భార్య తెచ్చి నా చేతిలో పెట్టారు. పాఠాలన్నీ అందులో అలాగే ఉంచారట ఆయన.

తిరుగు బస్సులో దాన్ని మౌనిక ఒళ్ళో పెట్టి, ఇది నీదే అన్నాను. ఆమె తెర మీద వేలు పెట్టింది. ఇన్నేళ్ళు ఐసులో చర్మం ఊడి గట్టిపడ్డ వేలు. తెరకి ఆ వేలు తెలియలేదు. చున్నీకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ తుడుచుకుంది.