పన్నెండూ ఎడమ పలకలే

ఇది రాసిపెట్టక తప్పడం లేదు. నా చేతికి కొలత తప్పదని చిలకలూరిపేట చుట్టుపక్కల ఒక మాట తిరుగుతోంది. దాన్ని నేనే పుట్టించానని మా ఆవిడ అనుమానం. (నిజమే.) ఆ రోజుల్లో, ఇరవై రెండేళ్ల వయసులో, వడ్రంగం చేత్తో కాదు, చదువుతో వస్తుందనుకునేవాణ్ణి. పగలు మిర్చి కల్లంలో రంగు పోయిన తాలుకాయలు ఏరి, సాయంత్రం లైబ్రరీలో చెక్కపని మీదున్న రెండు ఇంగ్లీషు పుస్తకాలను నిఘంటువు పక్కన పెట్టుకుని నమిలేశాను. ఆ భక్తి చూసి లైబ్రరీ మేడమ్ నన్ను వడ్రంగి నూలు మామ షెడ్డులో చేర్పించారు. (అంగుళంలో ఎనిమిదో వంతు నూలు. మామ మిల్లీమీటర్లను నమ్మేవాడు కాదు.)

కొన్నాళ్లకు మేడమ్ గారే లైబ్రరీకి ఆరు టేకు రాక్‌లు చేయమన్నారు. ఆ చెక్క మంజూరు కోసం ఆవిడ రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఇవి కుదిరితే గాడులు తీసే రూటర్ మిషను పూర్తిగా నీ చేతికిస్తా, చెడితే కల్లానికి పో అన్నాడు మామ. రాక్‌కు రెండు పక్క పలకలు, ఒక్కోదానికి అరలు కూర్చోడానికి ఐదు గాడులు. ప్రతిసారీ కొలిచే పని లేకుండా పుస్తకంలో చూసి ప్లైవుడ్‌తో ఒక జిగ్, అంటే రూటర్‌కు దారి చూపే అచ్చు, చేశాను. ఐదు సందులు, పలక కింది అంచుకూ ముందు అంచుకూ ఆనే రెండు పట్టీలు. బిగిస్తే రూటర్ పక్కకు పోదు. గాడి నోరు ముందువైపు కనిపించకుండా ముందు అంచుకు అంగుళం ఇవతలే ఆగిపోతుంది. ఒక్క మధ్యాహ్నంలో పన్నెండు పలకలూ అచ్చుగుద్దినట్టు తీసి, మామను పిలిచి చేతులు కట్టుకుని నిలబడ్డాను.

మామ రెండు పలకలు తీసి ఎదురెదురుగా నిలబెట్టాడు.

"ఒరేయ్, ఇందులో కుడిపక్కది ఏదిరా?"

నేను రెండు పలకలనూ మార్చి మార్చి చూశాను.

"అన్నీ ఎడమ చెప్పులే కుట్టావు కదరా."

కుడి పలక ఎడమదానికి అద్దంలో బొమ్మలా ఉండాలని ఏ పుస్తకమూ చెప్పలేదు. (ఇది కూడా చెప్పాల్సినంత తెలివైనవాడు చదువుతాడని రాసినాయన అనుకోలేదు కాబోలు.) తలకిందులు చేసి చూశాను. గాడుల మూసిన కొసలైతే ముందువైపుకు తిరిగాయి గానీ, పెద్ద పుస్తకాల కోసం కింది అర ఎత్తుగా పెట్టినందున అరలన్నీ ఏటవాలుగా వచ్చాయి. జిగ్‌లో నూలు తేడా లేదు. ఒకే తప్పును పన్నెండుసార్లు అంత కచ్చితంగా చేసినవాడు మా జిల్లాలో ఇంకొకడు ఉండడు. రంపపు పొట్టులో కూలబడి, ఇక తాలుకాయలే గతి అనుకున్నాను.

మామ తిట్టలేదు, దానికే ఎక్కువ భయం వేసింది. ఆరు పలకలను వెనుక అంచు ముందుకు వచ్చేలా తిప్పి, గాడిని ఈ అంచు నుంచి ఆ అంచుదాకా తనే తీసి, నోళ్లు మూస్తూ ముందువైపు సన్నటి టేకు పట్టీ కొట్టాడు. జత కలవాలని మిగతా ఆరింటికీ కొట్టాడు. నేను రెండ్రోజులు ఎమరీ పేపర్ రుద్దుతూ, మేడమ్‌కు నిజం చెప్పాలని మాటలు కూర్చుకున్నాను.

ఆవిడ వచ్చి పట్టీ మీద వేలు పోనిచ్చి, ఎంత అందంగా ఉందో, ఎవరి ఆలోచన అని అడిగారు.

"మావాడిదేనమ్మా," అన్నాడు మామ. "వీడు లేకపోతే ఆ పట్టీ వచ్చేదే కాదు."

ఆవిడ నా భుజం తట్టారు. కూర్చుకున్న మాటలు మింగేసి దండం పెట్టాను. మామ నన్ను కల్లానికి పంపలేదు, రూటరూ ఇవ్వలేదు. ఏడాది పొడుగునా ఎమరీ పేపరే.

నూలు మామకు, లైబ్రరీ మేడమ్‌కు, పేరు పలకడం చేతకాని ఆ ఇంగ్లీషు పుస్తకాయనకు నా కృతజ్ఞతలు. ఆ ఇరవై రెండేళ్ల కుర్రాడికి కూడా చెప్పాలనే ఉంది గానీ, వాడు వినడు. మేడమ్ మెచ్చుకున్నారన్న ఆనందంలో, ఆ పట్టీ నిజంగానే తన ఆలోచనేమో అని అప్పటికే కాస్త నమ్మడం మొదలుపెట్టాడు.