ముత్యాలమ్మ ఎడమ కాలు

షుగరు పట్టుకున్నాక ముత్యాలమ్మ పాదాల్లో స్పర్శ పోయింది. బందరు వీధుల్లో చేపల గంప నెత్తిన పెట్టుకుని తిరిగే ఆవిడకు మేకు గుచ్చుకున్నా తెలిసేది కాదు. అదంతా తన కాళ్ళ గట్టిదనమేనని గొప్పలు పోయేది.

అందుకే ఎడమ పాదం ఎర్రగా వాచి, పెనంలా వేడెక్కినా తిరుగుతూనే ఉంది. పుండు లేదు, జ్వరం లేదు. అయినా ఒక ఆసుపత్రిలో చీము పడుతోందని చేర్చుకుని యాంటీబయాటిక్ ఎక్కించారు. దిండు మీద కాలు పెట్టుకుని పడుకుంటే వాపు తీసేది. మందు పనిచేసిందని అందరూ సంబరపడేవారు. ఇంటికొచ్చి గంప ఎత్తగానే మళ్ళీ మొదలు. మళ్ళీ చేరడం, ఇంకా ఘాటైన మందు. నోటికి అన్నం సయించేది కాదు. తగ్గుతోంది మందువల్లా, పడుకోవడంవల్లా అని ఒక్కరికైనా అనుమానం రావద్దూ? చివరికి ఎముక కుళ్ళింది, పాదం తీసెయ్యాలన్నారు.

మొగుడు బాబూరావు సంతకం పెట్టనని మొండికేసి, ఆమెను గుడివాడ తీసుకెళ్ళాడు. అక్కడ డాక్టర్ రేవతి గారు పడుకోబెట్టి కాలు పైకెత్తి ఉంచితే, చూస్తుండగానే ఎరుపు పలచబడింది. ఆమె రక్తపరీక్షలు, ఎక్స్‌రే కూడా చూశారు.

"ఇది చీము కాదమ్మా. లోపల ఎముకలు విరుగుతున్నా మీకు నొప్పి తెలియక నడిచేస్తున్నారు. అందుకే ఈ వాపు. యాంటీబయాటిక్ అక్కర్లేదు, పిండికట్టు వేస్తాను."

"కాలు ఉంటుందాండీ?"

"ఉంటుంది. మానేదాకా నేల మీద మోపకండి, అంతే."

ముత్యాలమ్మ అక్కడే బావురుమంది. ఇన్నాళ్ళూ దిగమింగిన భయమంతా ఒక్కసారిగా బయటపడింది.

మరి గంప ఎవరెత్తాలి? వాళ్ళ పేటలో వేట మగవాళ్ళది, అమ్మకం ఆడవాళ్ళది. గంపెత్తిన మగాడంటే నవ్వులాటే. ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్నే ఆమె మంచం దిగబోతుంటే బాబూరావు గంప తన నెత్తికెత్తుకున్నాడు. పేటంతా నవ్వింది. మధ్యాహ్నానికి సగం చేపలతో తిరిగొచ్చి, బేరమాడే ఆడవాళ్ళ ముందు నోరు పెగల్లేదని ఒప్పుకున్నాడు.

ముత్యాలమ్మ కట్టు కాలు దిండ్ల మీద చాపుకుని పడీపడీ నవ్వింది.

"ధర చెప్పేటప్పుడు వాళ్ళ మొహంకేసి చూడకు మావా" అని రేపటి బేరం నేర్పడం మొదలుపెట్టింది. మంచం దిగాలన్న ఆలోచన ఆమెకిక రాలేదు.