షుగరుందని చెప్పబోయి కుర్చీ వేసుకున్నాను

నిక్షేపంలా ఉన్న మనిషి చివరిచూపుకని ముప్పయి మందిని వార్డులోకి రప్పించిన డాక్టరు ఎవరైనా మీకు తెలుసా? తెలియకపోతే ఇదిగో, నేనే. కత్తి పట్టలేదు, తప్పు మందు ఇవ్వలేదు, కనీసం ఒక ఇంజక్షన్ కూడా పొడవలేదు. మర్యాదగా మాట్లాడాను, అంతే. ఆ మర్యాదకు ఒక పెద్దమనిషి సగం చచ్చాడు, ఒక బోరుబావి చేతులు మారి తగువైంది, నా పరువు వర్తూరు చెరువులో కలిసింది. మురుగు నురగలు కక్కే ఆ చెరువు సంగతి తెలిసినవాళ్ళకు నా పరువు ఎలాంటిచోట కలిసిందో విడిగా చెప్పక్కర్లేదు.

అప్పటికి నా చదువు పూర్తయి రెండేళ్ళు. బెంగళూరు శివార్లలో, వర్తూరులో ఒక నర్సింగ్ హోములో డ్యూటీ డాక్టర్ని. ఉండేది మడివాళలో పీజీ హాస్టల్లో. ఆ ట్రాఫిక్ అంతా దాటి ఆసుపత్రి చేరేసరికి, పేషంట్లకన్నా ముందు నాకే సెలైన్ ఎక్కించాల్సినట్టుండేది. జీతం ఎంతో చెప్పను. చెబితే మీలో మెత్తని మనసున్నవాళ్ళు చందాలు మొదలుపెడతారు. నా రూమ్మేటు స్వప్నది ఎలక్ట్రానిక్ సిటీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నేను వరసగా రెండు డ్యూటీలు చేసొచ్చి చెప్పులతోనే మంచం మీద పడిపోతే, "మా ఆఫీసులో కాఫీ మెషీన్ బాగుచేసే ఆయన బతుకే నయం కదే, మధ్యాహ్నం నిద్ర కూడా పోతాడు" అని ఓదార్చేది. ఇలాంటి ఓదార్పు తిన్నాక మనిషి దేశం వదిలిపోకుండా ఎలా ఉంటాడండీ?

పోవాలనే నిశ్చయించుకున్నాను. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో రోజుకొకరు ఏదో ఒక మంచుదేశంలో టోపీ పెట్టుకుని ఫొటో పంపేవాళ్ళు. వాళ్ళలో ముగ్గురు నా నోట్సు చూసి పాసైనవాళ్ళు. ఆ కడుపుమంటతోనే బ్రిటన్ పరీక్షకు కట్టాను. మొదటి భాగం ఇక్కడే రాసి గట్టెక్కాను. రెండో భాగానికి అక్కడికే వెళ్ళి హాజరవ్వాలి. అందులో గదికొకరుగా ఉండే పేషంట్లు నిజం పేషంట్లు కారు, నటులు. మనకు ఎంత వైద్యం వచ్చో చూడటంతో ఊరుకోరు, ఎంత సౌమ్యంగా మాట్లాడతామో చూసి మార్కులేస్తారు. తలుపు తట్టాలి. పేరు చెప్పాలి. పేషంటు కళ్ళకు సమానంగా కూర్చోవాలి. చెడువార్తను మెల్లగా, ముందు అనుమతి అడిగి చెప్పాలి. వద్దంటే బలవంతపెట్టకూడదు. ఒక పేషంటు సంగతి అతని అనుమతి లేకుండా కన్నకొడుక్కైనా చెప్పకూడదు. ఈ సూత్రాలన్నీ ఆన్‌లైన్ కోచింగులో నాకు తోమి తోమి ఎక్కించారు.

వీసాకు మా పెద్ద డాక్టరు ఉత్తరం కావాలి. ఈమె మా దగ్గర పనిచేస్తోంది, సెలవిచ్చాం అని ఆయన సంతకం పెట్టాలి. నర్సింగ్ హోము ఆయనదే. గొంతు విప్పితే గేటు దగ్గర కొబ్బరిబోండాల బండివాడికి కూడా రోగం పేరు తెలిసిపోతుంది. వెళ్ళి అడిగాను.

"శుక్రవారం పెడతా," అన్నాడాయన. "అంతవరకూ నీమీద ఒక్క కంప్లయింటు రాకూడదు. వచ్చిందా, ఉత్తరమూ లేదు, సెలవూ లేదు."

"రాదు సార్," అన్నాను. అది సోమవారం. నాలుగు రోజులు నోరు జాగ్రత్తగా పెట్టుకుంటే చాలు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు కదా. అందుకని ఆ నాలుగు రోజులూ పరీక్షలో మాట్లాడవలసినట్టే పేషంట్లతో మాట్లాడదామనుకున్నాను. అటు సాధన అవుతుంది, ఇటు కంప్లయింటు రాదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పదకొండు గంటలకు వార్డులో మూడో మంచం దగ్గరికి వచ్చాను. పేషంటు వెంకటరవణప్ప, అరవై ఆరేళ్ళు. వర్తూరు ఇంకా పల్లెగా ఉన్నప్పటి నుంచీ అక్కడే ఉన్న మనిషి. పెళ్ళిభోజనం వికటించి ముందురోజు విరేచనాలతో చేరాడు. రెండు సెలైన్లతో కోలుకుని పక్క మంచమాయనతో రాజకీయాలు నరుకుతున్నాడు. రక్తపరీక్షలో మాత్రం కొత్తగా షుగరు బయటపడింది. కొద్దిగానే. ఒక మాత్ర, రోజూ నడక, మైసూర్‌పాకుకు దూరం నుంచి దండం. మామూలు రోజైతే, "తాతా, షుగరుంది, అన్నం తగ్గించు" అని నడుస్తూనే ఒక కేకేసి నాలుగో మంచానికి పోయేదాన్ని.

ఆ రోజు మంచం పక్కన ఉన్న చెక్కబల్లను తలుపనుకుని తట్టాను.

"నమస్కారమండీ. నా పేరు డాక్టర్ శైలజ. మిమ్మల్ని ఏమని పిలిస్తే మీకు బాగుంటుంది?"

నిన్నటి నుంచీ నా చేత "తాతా" అనిపించుకుంటున్న ఆయన వింతగా చూశాడు. "వెంకటరవణప్ప అనే అప్పా అందరూ పిలిచేది. ఏమిట్కమ్మా?"

బుద్ధి ఉంటే అక్కడే ఆగాలి. నాకు లేదు కాబట్టి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ వార్డులో డాక్టరు కూర్చోవడం ఎవరూ చూసి ఎరగరు. పక్క మంచమాయన రాజకీయాలు ఆపేశాడు.

"ఈ మాట చెప్పేటప్పుడు మీవాళ్ళెవరైనా పక్కన ఉండాలనుకుంటున్నారా?"

"మా నాగరాజు టీ తాగేకి కిందికి పోయుండాడు. ఏమి తల్లీ, ఏమన్నా ఉండాదా?"

సూత్రం ప్రకారం ఇక్కడ ఐదు లెక్కపెట్టేదాకా మౌనంగా ఉండాలి. ఉన్నాను. మూడు దగ్గర ఆయన దుప్పటి అంచు పట్టుకున్నాడు.

"రిపోర్టు వచ్చిందండీ. మనం అనుకున్నట్టు లేదు."

"నొప్పి ఉంటాదా అమ్మా?"

"నొప్పేం ఉండదు."

"ఎన్ని దినాలు?"

"ఇది జీవితాంతం ఉండేదే."

"ఆ జీవితాంతము అనేది ఎంతమ్మా?"

"అది ఎవరూ చెప్పలేరండీ," అన్నాను, శాస్త్రీయంగా.

గమనించండి, నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. షుగరుకు నొప్పి ఉండదు. జీవితాంతం ఉంటుంది. ఎవరి జీవితం ఎంతో ఎవరూ చెప్పలేరు. ఇన్ని నిజాలు వరసగా చెప్పి ఒక మనిషిని పాడె ఎక్కించవచ్చని నాకు ఎవరూ నేర్పలేదు.

"వివరంగా చెప్పమంటారా?" అని అనుమతి అడిగాను.

వెంకటరవణప్ప కళ్ళు మూసుకున్నాడు. "వద్దులే తల్లీ. తెలుసుకొని చేసేదేముండాది."

వద్దన్నాడు! వద్దంటే బలవంతపెట్టకూడదు. "మీ నిర్ణయాన్ని గౌరవిస్తున్నానండీ. మీరు ఒంటరివారు కారు, మేమంతా ఉన్నాం" అని ఆయన చెయ్యి పట్టుకుని, మెత్తగా నొక్కి, షుగరు అన్న ముక్క నోట రాకుండానే లేచి వచ్చేశాను. పరీక్షలో ఇలా చేస్తే పూర్తి మార్కులే అనుకున్నాను కూడా. అప్పటి నన్ను ఇప్పుడు పట్టుకుని రెండు వాయించాలనిపిస్తుంది.

మెట్ల దగ్గర నాగరాజు ఎదురొచ్చాడు. నీళ్ళ ట్యాంకరు నడుపుతాడు, గట్టి మనిషి. "మా నాయనకు రిపోర్టు ఏమొచ్చింది మేడం?"

"ఆయన అనుమతి లేకుండా నేను చెప్పకూడదండీ. మీరు ఆయన పక్కన ఉండండి. ఇప్పుడు మీరు పక్కనుండటం చాలా ముఖ్యం."

నాగరాజు చేతిలో టీ కప్పు జారిపోయింది. నేను పేపర్ నాప్కిన్ అందించి, పాపం కంగారు మనిషి అనుకుని ఓపీకి పోయాను.

ఓపీలో మధ్యాహ్నం దాకా తల ఎత్తలేదు. రెండింటికి సుగుణ సిస్టర్ వచ్చింది. ఒంగోలు వైపు మనిషి, నర్సుగా నాకంటే ఇరవై ఏళ్ళు సీనియరు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"మూడో మంచం ఆయన కోసం ప్రార్థన చేశానమ్మా. ఎక్కడండీ క్యాన్సరు?"

"క్యాన్సరేంటి సిస్టర్? ఆయనకు షుగరు!"

సిస్టర్ కళ్ళు తుడుచుకుంది. "మీరు ఆయన పక్కన కుర్చీ వేసుకున్నారా?"

"వేసుకున్నాను."

"చెయ్యి పట్టుకున్నారా?"

"పట్టుకున్నాను."

"నా తల్లీ," అంది సిస్టర్ నుదురు కొట్టుకుంటూ, "ఈ ఆసుపత్రిలో డాక్టర్లు బతికేవాళ్ళను తిడతారు, పోయేవాళ్ళ దగ్గర కూర్చుంటారు. ఈ ముక్క స్వీపరుకు కూడా తెలుసు!"

సిగ్గుతో చచ్చిపోయాను. సిగ్గుకన్నా కోపం ఎక్కువొచ్చింది. పొద్దున్నుంచి ఓపీలో తొంభై మందిని చూసే డాక్టరు ఒక్కొక్కరి దగ్గరా కూర్చోగలదా? కూర్చోలేదు కాబట్టే, ఎప్పుడైనా కూర్చుంటే అది చావుకబురై కూర్చుంటోంది. కానీ ఈ ఉపన్యాసం ఇవ్వడానికి టైములేదు. వార్డుకు పరిగెత్తాను.

నోరు మంచిదైతే ఊరు మంచిదని కాదు, ఊరు ఊరంతా వార్డులోకే వస్తుందని అక్కడ తెలిసింది. మంచం చుట్టూ ముప్పయి మంది. ఒకావిడ తులసితీర్థం పట్టుకుని సిద్ధంగా ఉంది. అందరికన్నా ముందు వెంకటరవణప్ప తమ్ముడు మునిశామప్ప, అన్న కాళ్ళు పట్టుకుని ఏడుస్తున్నాడు. పొలం మధ్యలో ఉన్న బోరు కోసం ఇద్దరికీ పదకొండేళ్ళుగా మాటల్లేవట. వర్తూరులో బోరంటే మాటలా? ట్యాంకర్లు పొద్దస్తమానం దాని ముందు వరస కట్టి నిలబడతాయి.

"బోరు నువ్వే పెట్టుకోరా మునిగా," అంటున్నాడు పెద్దాయన నీరసంగా. "నేను మోసుకొనిపోతానా? ఈ ముప్పయి మంది సాక్షి."

"ఆగండి!" అని అరిచాను. "ఆయనకు షుగరు! ఉత్త షుగరు!"

ఎవరూ నమ్మలేదు. "అట్లే చెప్పల్ల కదమ్మా మీరు," అని తులసితీర్థం ఆవిడ నన్నే ఓదార్చింది.

అప్పుడు వినిపించింది పెద్ద డాక్టరు గొంతు. "ఏంరా ఈ గలాటా? ఇది ఆసుపత్రా, సంతా?" ఫైలు లాక్కుని చూశాడు. వెంకటరవణప్ప వైపు తిరిగాడు. "ఏమయ్యా! ఇంత షుగరు పెట్టుకుని పెండ్లిలో ఎన్ని లడ్లు మింగినావు? బుద్ధుండాదా? మళ్ళా స్వీటు ముట్టినావంటే కాళ్ళు విరగ్గొడతా! లే, లేచి ఇంటికి పో!"

వెంకటరవణప్ప ముఖం చూడాలి మీరు. అందులోకి నెత్తురు మళ్ళీ వచ్చింది. లేచి కూర్చున్నాడు. "తిట్టినాడప్పా!" అన్నాడు చుట్టూ చూస్తూ. "తిట్టినాడు! నాకేమీ లేదు!" జనం ఒక్కసారి ఊపిరి వదిలారు. ఎవరో చప్పట్లు కూడా కొట్టారు.

ఆనందం అరనిమిషం. పెద్దాయన తమ్ముడి వైపు తిరిగి, "మునిగా, బోరు సంగతి తర్వాత స్వల్ప మాట్లాడదాము" అన్నాడు.

"ఏం మాట్లాడేది?" కాళ్ళు వదిలేశాడు మునిశామప్ప. "ఇచ్చినావు కదా! ముప్పయి మంది విన్నారు!"

"సస్తానని ఇచ్చినానప్పా! బతికేటట్టుంటే ఏమిట్కిస్తాను?"

"అట్లయితే సస్తాననే మాట ఎవురు చెప్పిరి నీకు?"

ముప్పయి తలలు ఒకేసారి నావైపు తిరిగాయి. సెలైన్ స్టాండు వెనక దాక్కోవడం నిష్ఫలమని నాకు ఆ రోజే తెలిసింది. పావుగంటలో పెద్ద డాక్టరు బల్లమీద రెండు కంప్లయింట్లు ఉన్నాయి. డాక్టరమ్మ వల్ల బోరు పోయిందని అన్న. ఇచ్చిన బోరును డాక్టరమ్మే వెనక్కి తీసుకునేలా చేసిందని తమ్ముడు. ఒక్కటి రాకూడదన్నాడు ఆయన. నేను ఇరుపక్షాల నుంచీ తెప్పించాను.

సాయంత్రం పిలిచాడు. రెండేళ్ళ చదువు, ఫీజులు, మంచుటోపీ అన్నీ కళ్ళముందు తిరిగాయి. ఏడుపొచ్చింది, దాచుకోలేదు కూడా.

"ఎవరు నేర్పించినారు నీకు ఈ మర్యాద?"

"పరీక్ష కోసం సార్."

ఆయన లెటర్‌హెడ్ తీసి, చకచకా రాసి, సంతకం పెట్టి నావైపు తోశాడు.

"సార్, కంప్లయింట్లు..."

"అందుకే పెడతాండాను. నువ్వు ఇంకో నెల ఇక్కడ మర్యాదగా మాట్లాడితే వర్తూరులో బోర్లన్నీ పంపకాలైపోతాయి. పో తల్లీ, ఆ దేశాన్నే ఉద్ధరించు."

గెలిచాను కదా అనుకుంటున్నారా? నేనూ అనుకున్నాను. వీసా వచ్చింది. వెళ్ళాను. ఆ ఊళ్ళో చలికి వణుకుతూ పరీక్ష హాల్లో మూడో గది తలుపు ముందు నిలబడ్డాను. తలుపుమీద అతికించిన కాగితంలో ఇలా ఉంది: లోపలున్న పేషంటుకు కొత్తగా షుగరు వచ్చింది, చెప్పండి.

లోపలికి వెళ్ళాను. తెల్లజుట్టు పెద్దమనిషి, నటుడు, నావైపు బిక్కుబిక్కుమంటూ చూశాడు. పక్కన ఖాళీ కుర్చీ. దాన్ని చూడగానే ముప్పయి తలలు మళ్ళీ నావైపు తిరిగినట్టనిపించింది. కూర్చోలేదు. నిలబడే, ఆయన్ను బతికించాలన్న ఒకే తపనతో, నాకు వచ్చిన ఇంగ్లీషులో గట్టిగా అరిచాను: "మీకు షుగరుంది! ఏం తిన్నారసలు? బుద్ధి లేదా? ఏమీ కాదు, లేచి ఇంటికి వెళ్ళండి!"

ఆయన ఏడవడం నటించాలట. నిజంగానే ఏడ్చాడు. ఆ గది ఒక్కటే కాదు, దాని దడతో తర్వాతి గదులూ పోయాయి. ఫెయిలయ్యాను.

కాబట్టి ప్రస్తుతం వర్తూరులోనే ఉన్నాను. అదే డ్యూటీ, చెప్పుకోలేని అదే జీతం. స్టెతస్కోపు మీద చెయ్యి వేసి, సుగుణ సిస్టరు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: బతికి బట్టకట్టే ఏ పేషంటుతోనూ నా కంఠంలో ప్రాణముండగా మళ్ళీ మెత్తగా మాట్లాడను. అయితే పరీక్ష మళ్ళీ కట్టాను గనక, ఈ ప్రమాణం బెంగళూరు విమానాశ్రయం గేటు దాకా మాత్రమే చెల్లుతుంది.