తాత మరిచిపోయిన అడుగు

నా చిన్నప్పుడు చెప్పిన అబద్ధాల్లో చాలావాటిని నేనే మరిచిపోయాను. కాళ్లతో చెప్పిన అబద్ధం ఒకటుంది. అది మాత్రం ఇప్పటికీ బతికే ఉంది, నాకంటే ఆరోగ్యంగా.

మేము కోయంబత్తూరులో మిల్లు క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాన్నకు స్పిన్నింగ్‌లో పని. తాత ఆండిపట్టి దగ్గరి మా ఊరినుంచి ఉరుమిని భుజాన వేసుకుని మా దగ్గరికి వచ్చేశాడు. ఉరుమి అంటే రెండు ముఖాల డోలు. ఒకవైపు కొడతారు, రెండోవైపు వంకర పుల్లతో రుద్దితే లోపలినుంచి మూలుగులాంటి శబ్దం వస్తుంది. తరాలుగా తమిళనాట ఉంటున్న మా తెలుగువాళ్ల ఆట దేవరాట్టం. దానికి పాట లేదు, ఆ డోలే పాట. మగవాళ్లు చేతిలో రుమాలు పట్టుకుని వరసగా నిలబడి, నడుము వంచి, మోకాళ్లు మడిచి, నేలకు దగ్గరగా ఆడతారు. ఇరవైకి పైగా అడుగులున్నాయి. అన్నీ వరస తప్పకుండా తెలిసినవాడు మా తాతేనని, మా కులదేవత జక్కమ్మ పండగకు ఊళ్లవాళ్లు వచ్చి ఆయన్ని పిలుచుకుపోయేవాళ్లు. సాయంత్రాలు ఆయన నాకు నేర్పేవాడు. పదకొండేళ్లకు నాకు తొమ్మిది అడుగులు వచ్చాయి.

ఒకసారి బడిలో ఆడి చూపించాను. వెనక బెంచీవాడు, "ఏండా, గింజలేరుకుంటుండావా?" అన్నాడు. ఆ రోజునుంచి బడిలో నా పేరు కోడి.

ఆ ఏడు మా మిల్లు బడికి ఒక డాన్స్ టీచరమ్మ వచ్చింది. వాళ్ల నాన్న మేట్టుపాళయం కొండ రైల్లో పనిచేసే ఆంగ్లో ఇండియన్. ఆమె కూనూరులో దొరసానుల దగ్గర బాలే నేర్చుకుంది. మెడ నిటారుగా పెట్టి, కాలివేళ్ల కొసల మీద లేచి, ఒక కాలు వెనక్కి చాచి, చేతులు విప్పి అట్లాగే గాల్లో ఆగిపోయేది. కోడి అన్నవాళ్లు కూడా నోరు తెరుచుకుని చూసేవాళ్లు. అంత బాగా ఆడినా అక్కడ ఆమెను తెల్లగౌన్ల వరసలో చివరే నిలబెట్టేవాళ్లట, రంగు కలవదని. ఇక్కడేమో గౌను చూసి మావాళ్లు దొరసాని అని దూరం జరిగేవాళ్లు. "ఆ వరసలోనూ నేను చివరే, మీ వరసలోనూ చివరే" అని ఆమె నవ్వుతూ అనేది. అది నవ్వే మాట కాదని నాకు అప్పుడు తెలియలేదు.

మిల్లు వార్షికోత్సవానికి ఆమె సొంతంగా ఒక నాట్యం కట్టింది. మొదట తను ఒంటరిగా బాలే ఆడుతుంది. మధ్యలో బాలే బూట్లు విప్పేసి, వట్టి కాళ్లతో వచ్చి మా పిల్లల వరసలో కలుస్తుంది. మీ ఇంటి ఆట నాకు నేర్పు అని నన్ను అడిగింది.

మొదటి రెండు అడుగులు ఉన్నవి ఉన్నట్టే చూపించాను. కిటికీ దగ్గర ఎవడో కోడిలా కూశాడు. మూడో అడుగులో నేను నడుము ఎత్తేశాను. చేతులు చాచి, ఒంటికాలి మీద నిలబడి, రెండో కాలు వెనక్కి లేపాను. ఆమెను చూసి పట్టుకున్నదాన్నే మా పెద్దలదని చెప్పి ఆమెకు తిరిగి ఇచ్చాను.

ఆమె ఆ భంగిమను తనూ ఒకసారి పట్టి చూసింది. తర్వాత, "ఇది మీ ఆటలో ముందునుంచీ ఉందా?" అంది.

"ఉంది టీచర్. మా తాత నేర్పినాడు."

ఆమె నాట్యమంతా విప్పి, ఆ అడుగు చుట్టూ మళ్లీ కట్టింది. మొదట బూట్లతో ఆ భంగిమలో నిలబడుతుంది, చివర మా వరస నడుమ వట్టి కాళ్లతో అదే భంగిమలో నిలబడుతుంది. రెండూ ఒకటే, తను రెండు చోట్లకూ చెందినదే అని చెప్పటమే ఆ నాట్యం. నిజం చెప్పటానికి నాకు నెల రోజుల గడువుంది. చెప్పలేదు. రోజూ ప్రాక్టీసుకు వెళ్లి, నా అబద్ధాన్ని ఇంకా నున్నగా చేశాను.

డోలు వాయించటానికి ఆమె మా తాతను పిలిపించింది. పట్నంలో ఆ ఉరుమిని అడిగిన మొదటి మనిషి ఆమె. తాత ఉతికిన తలగుడ్డ చుట్టుకుని, దారిలో కనబడిన ప్రతివాడికీ చెప్పుకుంటూ వచ్చాడు.

రెండు అడుగులదాకా డోలు బాగా నడిచింది. మూడో అడుగుకు ఆగిపోయింది. మా ఆటలో డోలు దెబ్బ పడ్డచోట పాదం నేలను కొట్టాలి. గాల్లో ఆగిన కాలికి ఆయన దగ్గర దెబ్బ లేదు. మూడుసార్లు మొదటినుంచి ఎత్తుకున్నాడు, మూడుసార్లూ అక్కడే చెయ్యి నిలిచిపోయింది. నావైపు చూశాడు. నేను రుమాలు మడతపెట్టుకుంటున్నాను.

టీచరమ్మ వచ్చి ఆయన ముందు కూర్చుంది. ఈ అడుగు మీరు నేర్పిందేనట కదా, దీన్ని చూశాకే నేను ఎక్కడిదాన్నో నాకు తెలిసింది అని చెప్పింది. తాత చాలాసేపు ఆమె ముఖం చూశాడు.

"ఉండాది టీచరమ్మా, మాదే," అన్నాడు. "నాకు వయసయిపాయె. చెయ్యి మరిచిపాయె." పుల్లను నేలమీద పెట్టేశాడు.

ఇంటికి పోయే దారిలో ఒక్క మాటే అడిగాడు.

"ఆ అడుగు ఎవురు నేర్పినారు కణ్ణు?"

"నువ్వే," అన్నాను.

ఆయన నాలుగడుగులు నడిచాడు. "సరి. నేనే అయితే నేనే," అన్నాడు.

వార్షికోత్సవంలో మిల్లు బ్యాండు కుర్రవాడు ఏదో ఒక దరువు వేశాడు. చప్పట్లు ఆగలేదు. తాత కింద జనంలో కూర్చుని చూశాడు. పెద్దాయనకు అడుగులు మరుపొచ్చాయట అనే మాట క్వార్టర్స్ దాటి ఊళ్లదాకా పోయింది. ఆ జక్కమ్మ పండగకు ఆయన్ని పిలవటానికి ఎవరూ రాలేదు. ఆయన గడపలో కూర్చుని మధ్యాహ్నందాకా రోడ్డు చూసి, తర్వాత లోపలికి వచ్చి పడుకున్నాడు.

నన్ను ఒక్క దెబ్బ కొట్టలేదు. ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు ఆయనమీద కోపం వచ్చేది అందుకే. ఇద్దరి పరువు నిలబెట్టటానికి, తన దగ్గరున్న ఒకే ఒక్క గొప్పను తీసి ఇచ్చేశాడు. ఆమెకు ఇచ్చాడంటే అర్థముంది. నాకెందుకు ఇచ్చాడు? ఆ తర్వాత కూడా సాయంత్రాలు ఉరుమి తీసి ఎదురుగా పెట్టుకుని కూర్చునేవాడు. పదో అడుగు అడుగుతానని చూసేవాడు. ఆయన ముందు నిలబడే ముఖం లేక నేను ఆటలకని బయటికి పోయేవాణ్ణి. నేను మిల్లులో చేరిన ఏడు ఆయన పోయాడు. నిజం చెబుదామని ఒకసారి మేట్టుపాళయం బస్సెక్కి టీచరమ్మ ఇంటి గేటుదాకా పోయి, తిరిగొచ్చేశాను.

ఇప్పుడు మావాళ్ల పెళ్లిళ్లలో పిల్లలు ఆ ఒంటికాలి అడుగు ఆడుతున్నారు. పాతకాలపు అడుగట. ఫొటోలో బాగా పడుతుందట. ఇది నేను కల్పించింది, మనది కాదు అని కనబడిన ప్రతివాడితో చెప్పి చూశాను. నవ్వి కొట్టిపారేస్తూ, "పోంగ మామా, మీకు అంత తెలివెక్కడిది?" అంటారు. విసుగొచ్చి మాట్లాడటం మానేస్తాను. మళ్లీ పెళ్లికి మళ్లీ చెబుతాను.

పోయిన నెల మదురైలో డాన్స్ చదివే ఒక అమ్మాయి వచ్చింది. తనూ ఏదో కొత్త నాట్యం కడుతోందట, మా అడుగులన్నీ కావాలంది. మోకాళ్లు సహకరించకపోయినా నడుము వంచి తొమ్మిదీ ఆడాను. మూడోదాన్ని రెండుసార్లు ఆడి, సరైనది ఇదేనని చెప్పి వీడియో తీయించాను. తర్వాత పదోది అడిగింది. తెలియదన్నాను.

"పరవాయిల్ల తాతా, ఏదన్నా ఒకటి ఆడండి. ఎవరికి తెలుస్తుంది?" అంది, ఫోను పట్టుకునే.

రెండు పాదాలూ నేలమీద ఆనించి, కదలకుండా నిలబడ్డాను. ఆమె ఫోను దించేదాకా అట్లాగే ఉన్నాను.