కుఫ్రీ మంచులో మా వదిన వెయ్యని వేలిముద్ర

వికారాబాద్‌లోని ఆడపిల్లల బడిలో పదకొండేళ్లుగా నేను భూగోళం చెబుతున్నాను. హిమాలయాల పాఠం ఏటా వస్తుంది. నల్లబల్ల మీద మూడు కొండలు గీసి, వాటి కొసలకు తెల్లసుద్ద రుద్ది, ఎన్నడూ చూడని మంచు గురించి చూసినట్టే మాట్లాడతాను. కొన్నాళ్లకు ఆ మాటలు నాకే ఎబ్బెట్టుగా తోచాయి. సరిగ్గా అప్పుడే తాండూరులో, నాపరాళ్ల దుకాణాల వరసలో, కాశీయాత్రలు నడిపే ఒక ఏజెంటు తన గోడకు కొత్త కాగితం అంటించాడు. సిమ్లా దగ్గర కుఫ్రీలో మంచు మీద జారే ఆట, నడుములోతు మంచు, మూడు దినముల శిక్షణ, స్త్రీలకు కూడా నేర్పబడును అని అందులో ఉంది. మూడో తరగతి రైలు, బస, శిక్షణ అన్నీ కలిపి మనిషికి రెండు వందల ఇరవై రూపాయలు. నా రెండు నెలల జీతానికి కాస్త తక్కువ. కట్టాను. ఆ దారిలోనే వెళ్లాలనుకునే వాళ్లకు ఉపయోగపడాలని ఇది రాస్తున్నాను. కోపంతోనే రాస్తున్నానని ముందే చెప్పడం న్యాయం.

నాతో వచ్చింది మా వదిన మాణెమ్మ. నలభై దాటిన మనిషి. మోమిన్‌పేట దగ్గర మా అన్నయ్యతో కలిసి జొన్న, కంది పండిస్తుంది. సంగతి చెప్పగానే చేట పక్కన పెట్టి కూర్చుంది.

"కాళ్లకు కట్టెలు గట్టుకొని జారుతరా? నేనూ వస్త సుగుణా. కందులు కొట్టుడు అయిపోయింది. మీ అన్నకు రొట్టె చేసుకునుడు వస్తది. పుట్టినకాంచి పనే చేసిన, పని కానిదేదన్న ఒక్కపారి చెయ్యాలని ఉన్నది నాకు."

అనంతగిరి ఆస్పత్రిలో నర్సుగా ఉన్న నా స్నేహితురాలు రెండు ఉన్ని స్వెటర్లు, రెండు జతల మేజోళ్లు అరువిచ్చింది. జనవరి చివర్లో ఒక సోమవారం వదిన తెల్లవారి బస్సుకు వికారాబాద్ చేరింది. సంచిలో వారం రోజులకు సరిపడా జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం, కంది పొడి. ప్యాసింజరు బండిలో సికింద్రాబాద్, అక్కడి నుంచి కాజీపేట, కాజీపేటలో ఢిల్లీ బండి. ఢిల్లీలో బండి మారి కాల్కా వెళ్లాలి. కాల్కాలో చిన్న పట్టాల రైలు ఉదయం బయలుదేరి దాదాపు ఆరు గంటలు కొండ ఎక్కుతుంది. దారి పొడుగునా సొరంగాలే. వదిన నలభై దాకా లెక్కపెట్టి వదిలేసింది. కిటికీ దగ్గర చోటు కావాలంటే అరగంట ముందే ఎక్కి కూర్చోవాలి. సిమ్లా నుంచి కుఫ్రీకి బస్సులో గంటకు పైగా పడుతుంది, టికెట్టు రూపాయికి లోపే.

నాకు ఉర్దూ వచ్చు కాబట్టి ఆ దేశంలో మాటకు ఇబ్బంది లేదు. బస్సు డ్రైవరు మా సంచులు చూసి ఎక్కడికని అడిగాడు. మంచు మీద జారడానికి అన్నాను. అతను అద్దంలో నా ముఖం చూశాడు.

"మొన్న వాన పడిందమ్మా. మంచు మీద వాన పడితే ఇంకేం మిగులుతుంది?" అన్నాడు.

అతను చెప్పింది నిజమని దిగగానే తెలిసింది. ఎదురుగా ఎండుగడ్డి రంగు కొండవాలు, దాని మీద అక్కడక్కడ తెల్లటి మచ్చలు. నడుములోతు కాదు, చాలాచోట్ల మడమ లోతు కూడా లేదు. ముప్పై మంది కూలీలు, వాళ్లలో సగం ఆడవాళ్లు, దేవదారు చెట్ల నీడలో మిగిలిన మంచును బుట్టల్లో ఎత్తుకొచ్చి వాలు మీద పోస్తున్నారు. అలా పోసి తొక్కితే తయారైన రెండు వందల అడుగుల తెల్లటి బాటే మాకు అమ్మిన హిమాలయం.

"గిదేంది సుగుణా, చేన్ల పెంట తోలినట్టు మంచు తోలుతున్నరు!" అంది వదిన. నవ్వలేదు. చెప్పుల్లేని ఒక ఆడకూలీ పాదాలనే చూస్తోంది.

అక్కడ ఆట నేర్పే సంఘంలో శిక్షకుడు ఒకాయన ఉన్నాడు. అందరితో క్యాప్టెన్ సాబ్ అని పిలిపించుకుంటాడు. స్కీలు, అంటే కాళ్లకు కట్టుకునే ఆ పొడవాటి చెక్క బద్దలు, మోసుకొచ్చి అక్కడ వాళ్లిచ్చే బూట్లకు తోలు పట్టీలతో బిగించే పని కూలీలది. వాళ్లలో దేవీరాం అనే యాభై ఏళ్ల మనిషి మా ఇద్దరికీ కుదిరాడు. ఛాతీ మీద నంబరున్న ఇత్తడి బిళ్ల. ఆ బిళ్ల ఉంటేనే అక్కడ పని దొరుకుతుంది. తన చిన్నప్పుడు చలికాలంలో తలుపు తెరవాలంటే లోపలినుంచి మంచు తవ్వుకుంటూ బయటపడేవాళ్లమని చెప్పాడు. కొన్నేళ్లుగా మంచు ఆలస్యంగా వస్తోందట, త్వరగా పోతోందట, మధ్యలో వానలట.

"ఎందుకలా?" అని అడిగాను.

"ఎందుకో నాకు తెలియదమ్మా. ఏ గంటకు జారవచ్చో, ఏ గంటకు జారకూడదో తెలుసు. పొద్దున ఎనిమిదికి అద్దంలా గట్టిగా ఉంటుంది. పది, పదకొండు మధ్య మంచిది. మధ్యాహ్నం దాటితే పైన మంచు, కింద నీళ్లు. అప్పుడు కాలు దిగబడుతుంది, పైకి రాదు."

మొదటి రోజు మా శిక్షణ తొమ్మిదింటికి అన్నారు. తొమ్మిదింటికి వెళ్లేసరికి బాట మీద ఎవరో పెద్ద అధికారి కుటుంబం ఉంది. పదయింది, పదకొండయింది, వాళ్లు బాట వదల్లేదు. మేము, ఢిల్లీ నుంచి వచ్చిన ఒక గుమాస్తా దంపతులు బల్ల మీద కూర్చుని టీలు తాగుతూ చూశాం. రెండింటికి బాట ఖాళీ అయ్యేసరికి చినుకులు మొదలయ్యాయి. శిక్షణ రేపు అన్నారు. రెండో రోజు పొద్దునా అదే అధికారి, అదే కుటుంబం. మమ్మల్ని రెండున్నరకు పిలిచారు. ఆకాశం నిర్మలంగా ఉంది, ఎండ చురుక్కుమంటోంది. వదిన ఒంగి మంచును వేలితో నొక్కింది.

"గటక లెక్కున్నది," అంది. జొన్న గటక ఎంత మెత్తగా ఉంటుందో మన వైపు వాళ్లకు చెప్పనక్కర్లేదు.

దేవీరాం క్యాప్టెన్ దగ్గరికి వెళ్లి, చేతులు కట్టుకుని, ఈ వేళ వద్దు సాబ్ అన్నాడు. నేనూ వెళ్లి రేపు పొద్దున ఇవ్వండని అడిగాను.

"రేపు పొద్దున కూడా ఖాళీ లేదు. మంచు గురించి మీరు నా మాట వింటారా, కూలివాడి మాట వింటారా? పట్టీలు గట్టిగా బిగించరా!" అని దేవీరాం మీద కేకేశాడు.

అప్పుడు నేను గట్టిగా కాదనాల్సింది. అనలేదు. ఐదు రోజులు ప్రయాణం చేసి వచ్చాం, మళ్లీ జన్మలో వస్తామో లేదో అనుకున్నాను. ఆ మౌనం నా తప్పు, అది ఇంకెవరి మీదికీ నెట్టను.

వదిన చీర గోచి బిగించింది. మీద మా అన్నయ్య కోటు, చేతుల్లో రెండు కర్రలు. బాట పైకొసన ఒక్క క్షణం నిలబడి, మోకాళ్లు వంచి, వదిలింది. ముప్పై అడుగులు, కచ్చితంగా ముప్పై అడుగులు, ఆమె జారిన తీరు నేను మరచిపోలేను. అరవలేదు. నోరు తెరుచుకుని, కళ్లు పెద్దవి చేసుకుని, చిన్నపిల్ల ముఖంతో దిగింది. ఆ తరువాత కుడికాలి స్కీ కొస మెత్తటి మంచులో దిగబడింది. మనిషి ముందుకు వెళ్లింది, కాలు వెనకే ఉండిపోయింది.

దేవీరాం అందరికన్నా ముందు చేరాడు. స్కీ ఇంకా వదిన పాదానికి బిగించే ఉంది. పట్టీ విప్పడానికి అతనికి రెండు చేతులూ కావాల్సి వచ్చింది. చీలమండ మా కళ్లముందే ఉబ్బింది. గుమాస్తా దంపతులూ ఇదంతా చూశారు.

క్యాప్టెన్ వచ్చి ముందు వదిన వైపు చూడలేదు. దేవీరాంను చూశాడు. "పట్టీ వదులుగా కట్టావు," అన్నాడు. చెయ్యి చాచి అతని ఛాతీ మీది బిళ్ల లాగేసుకున్నాడు. చొక్కా గుడ్డ కూడా చిరిగింది. దేవీరాం చిరిగిన చోట అరచెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు.

ఆఫీసుగదిలో వదినను కుర్చీలో కూర్చోబెట్టి, క్యాప్టెన్ ఇంగ్లీషులో ఒక కాగితం రాశాడు. కింద వేలిముద్ర వేయమని సిరా డబ్బా జరిపాడు. నేను చదివాను. కూలి దేవీరాం పట్టీ సరిగా బిగించనందువల్ల ప్రమాదం జరిగిందనీ, శిక్షకుల లోపం ఏమీ లేదనీ ఉంది. వదినకు తెలుగులో చెప్పాను.

"అట్ల రాసిండా?" అంది. నొప్పికి పెదవి కొరుక్కుంటోంది. "పట్టి వదులైతే కట్టె ఊడిపడాలె గద? ఊడిందా? నా కాలితోనే తిరిగింది. గట్టిగ కట్టుమన్నది గీ సారే. పొద్దు వంగినంక పిలిచింది గీ సారే. గా పెద్దమనిషి వద్దనే చెప్పె. నేను ముద్ర వెయ్య."

నేను ఉర్దూలోకి మార్చి చెప్పాను. క్యాప్టెన్ కుర్చీలో వెనక్కి వాలాడు. "జీపు నాది. ముద్ర వేస్తే సిమ్లా ఆస్పత్రికి పంపిస్తాను. లేకపోతే మీ ఇష్టం," అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. కాలు విరిగిందో లేదో తెలియని మనిషి ముందు పెట్టే బేరమా అది! వదిన చెయ్యి పట్టుకుని, "నొప్పి మస్తుగున్నదా వదినా? నీకెట్ల అనిపిస్తే గట్ల చేద్దాం," అన్నాను.

"నొప్పి నాది, వాని బతుకు వానిది," అంది. "నేను వేలు పెడితే వాడు రేపు ఏం తింటడు? నువ్వు రాయి సుగుణా. ఉన్నది ఉన్నట్టు రాయి."

ఆయన బల్ల మీది కాగితమే తీసుకుని ఇంగ్లీషులో రాశాను. బాట ఏ గంటకు ఇచ్చారు, ఎవరు వద్దన్నారు, ఎవరు పొమ్మన్నారు, స్కీ కాలికే ఉండటం ఎవరు చూశారు. సాక్షి సంతకం కోసం, మా వెంట గదిలోకి వచ్చిన ఢిల్లీ గుమాస్తా వైపు చూస్తే ఆయన నేల చూపులు చూశాడు. అతని భార్య, రెండు రోజులుగా నాతో నాలుగు మాటలైనా మాట్లాడని మనిషి, లేచి వచ్చి నా చేతిలోంచి కలం తీసుకుని సంతకం పెట్టింది.

జీపు రాలేదు. బస్సు రోడ్డు అర మైలు దూరం. దేవీరాం నడుముకు తాడు చుట్టుకుని, దాన్ని ఊయలలా వేసి, వదినను వీపున ఎక్కించుకున్నాడు. ఆమె సిగ్గుతో చచ్చిపోయింది. "జన్మల నేను మోసేదాన్నే గని నన్నెవ్వలు మొయ్యలే. దించుమను సుగుణా," అని దారి పొడుగునా అంటూనే ఉంది. అతను దించలేదు. అయిదింటి బస్సు ఆపి, వెనకసీటు ఖాళీ చేయించి, ఆమె కాలి కింద తన దుప్పటి మడతపెట్టి దిగిపోయాడు.

సిమ్లా ఆస్పత్రిలో చిన్న ఎముక చిట్లిందన్నారు. కట్టు వేశారు. ధర్మశాలలో నాలుగు రోజులు ఉండిపోయాం. వాటిలో మూడు రోజులు నేను కూలీలకు బిళ్లలిచ్చే కార్యాలయానికి తిరిగాను. మొదటి రోజు అక్కడి గుమాస్తా రేపు రమ్మన్నాడు. రెండో రోజు ఆడవాళ్లకు ఇక్కడేం పని అన్నాడు. మూడో రోజు గుమ్మం దగ్గరే నేలమీద కూర్చున్నాను. మధ్యాహ్నం ఒక అధికారి నన్ను దాటి లోపలికి వెళ్లలేక ఆగి, కాగితం అడిగి తీసుకుని, నిలబడే చదివి, విచారిస్తామన్నాడు. అంతకన్నా నా చేతిలో ఏమీ లేకపోయింది.

తిరిగొచ్చాక ఒక శనివారం తాండూరు బండెక్కాను. ఏజెంటు నన్ను చూసి కుర్చీ వేయించాడు. కూర్చోలేదు.

"మంచు నా చేతుల ఉన్నదా టీచరమ్మా? దేవుడు కురిపిస్తే కురుస్తది," అన్నాడు.

"మంచు మీ చేతిల లేదు. గా గోడ మీది కాగితం మీ చేతిల ఉన్నది. పొద్దటి పూట పెద్దోళ్లకు, మధ్యాహ్నం మనకు అని మీకు ముందే ఎరుకనా, కాదా?"

అతను రసీదు పుస్తకం ముందుకు లాక్కున్నాడు. ఎరుకేనని ఆ ముఖమే చెప్పింది. ఆ కాగితం చింపేయమని అడిగాను. చూద్దామన్నాడు. మరుసటి వారం తాండూరు నుంచి వచ్చిన మా తోటి టీచరును అడిగితే, నడుములోతు అన్న మాట మీద నల్లరంగు పూశాడని, మిగతాదంతా అలాగే ఉందని చెప్పింది.

ఎండలు ముదిరే వేళకు సిమ్లా నుంచి ఉర్దూలో ఒక కార్డు వచ్చింది. దేవీరాం ఎవరితోనో రాయించాడు. బిళ్ల తిరిగి ఇచ్చారు. ఇరవై రోజులు పని పోయింది. అక్క కాలు ఎలా ఉందో రాయమన్నాడు. క్యాప్టెన్ అక్కడే ఉన్నాడట, వచ్చే చలికాలానికి బాట ఇంకా పొడవు చేయిస్తాడట. వదినకు చదివి వినిపించాను. "ఇంకా పొడుగా? ఎవల బుట్టలతోటి?" అని మాత్రం అంది.

నాకు మిగిలిన కోపం వదిన కాలి ఎముక చిట్లినందుకు కాదు. ఏ ఆటలోనైనా పడతాం, దెబ్బ తగులుతుంది. మంచు తగ్గిపోతున్నందుకూ కాదు, దాని కారణాలు నాకన్నా చదువుకున్నవాళ్లు చెప్పాలి. ఆ కొండ మీద మంచు ఎప్పుడు గట్టిపడుతుందో, ఎప్పుడు కరుగుతుందో కచ్చితంగా తెలిసినవాళ్లు ముప్పై మంది ఉన్నారు. వాళ్ల చేత మంచు మోయించుకుంటారు, మాట మాత్రం వినరు. పైగా ఏదన్నా తప్పు జరిగితే మోసినవాడి మీదికే తోస్తారు. మంచు ఉన్నన్నాళ్లూ మంచిగంటలు అందరికీ వచ్చేవేమో. ఇప్పుడు ఉన్న కాస్త మంచులో మంచిగంట ఒక్కటే మిగిలింది. దాన్ని బలమున్నవాళ్లు తీసుకుని, నీళ్లు మనకు వదిలేస్తున్నారు. మా వదిన అక్షరం రాని మనిషి. ఆ గదిలో ఆ సంగతి అందరికన్నా ముందు ఆమెకే అర్థమైంది.

వెళ్లాలనుకునే వారికి ఒక్క మాట. డబ్బు కట్టకముందే కుఫ్రీ పోస్టుమాస్టరుకు ఒక జవాబు కార్డు రాయండి. మంచు ఎంత ఉందని కాదు, కొత్తగా నేర్చుకునేవాళ్లకు బాట ఏ గంటకు ఇస్తున్నారని అడగండి. పది, పదకొండు మధ్య అని జవాబొస్తే బయలుదేరండి. మధ్యాహ్నం అని వస్తే, ఎవరు ఎంత చెప్పినా, ఆ ఏడాదికి మానుకోండి.